వాయి వాయిగా మెసేజ్‌లు: బ్యాచ్‌కు ఏ డేటా స్ట్రక్చర్ నప్పుతుంది?

ఇడ్లీ పాత్ర దింపినప్పుడు ఒక ఇడ్లీ రేకుకు అంటుకుని విరిగిందనుకోండి. దాని కోసం వాయి మొత్తాన్నీ మళ్లీ ఉడికించేవారు ఎవరూ ఉండరు. నేను రాసిన ఒక ప్రోగ్రాము మాత్రం ఒక రాత్రంతా సరిగ్గా ఆ పనే చేసింది.

అది ఎస్సెమ్మెస్‌లు పంపే ప్రోగ్రాము. అమెజాన్ ఎస్‌క్యూఎస్ (పని కోసం వేచి ఉన్న మెసేజ్‌లను దాచి ఉంచే క్యూ సేవ) నుంచి ఒక్కసారికి పది మెసేజ్‌లు తీసుకోవడం (అది ఒక్క పిలుపుకు ఇచ్చేది గరిష్ఠంగా పదే), మామూలు లిస్టులో వేసుకోవడం, ఒక్కొక్కటీ పంపడం, అన్నీ అయ్యాక పదింటినీ క్యూలోంచి తీసేయడం. ఆ రోజు ఒక మెసేజ్‌లో ఫోను నంబరు ఉండవలసిన చోట ఖాళీ ఉంది. వరుసలో అది ఏడోది. కోడు అక్కడ ఎక్సెప్షన్ (ముందుకు వెళ్లలేనన్న లోపం కబురు) విసిరి ఆగిపోయింది. తీసేసే పంక్తి దాకా రానేలేదు కాబట్టి, 30 సెకన్ల విజిబిలిటీ టైమౌట్ (తీసుకున్న మెసేజ్‌ను క్యూ ఇతరులకు కనబడకుండా ఉంచే గడువు) గడవగానే పదీ మళ్లీ క్యూలో తేలాయి. అప్పటికే ఎస్సెమ్మెస్ అందుకున్న ఆరుగురికీ మళ్లీ వెళ్లింది. మళ్లీ తీసినప్పుడు అదే పది కలిసి రావాలని లేదు; ఆ ఖాళీ నంబరు ఏ బ్యాచ్‌లో పడితే ఆ బ్యాచ్‌లో దానికి ముందున్నవారందరికీ ఇంకోసారి వెళ్లేది. తెల్లవారాక ఒకాయన ఫోను చేశాడు. మీ కిస్తీ అందింది అన్న కబురు తొమ్మిదిసార్లు వచ్చింది, డబ్బు కూడా తొమ్మిదిసార్లు పోయిందా అని ఆయన అడిగాడు.

లిస్టు తప్పేమీ లేదు. అడిగింది దాచింది, అడిగినప్పుడు ఇచ్చింది. ఈ పదింటిలో ఏవి అయ్యాయి, ఏవి కాలేదు అని నేను దాన్ని ఎన్నడూ అడగలేదు. అడిగినా దాని దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి బ్యాచ్‌ల కోసం ఏ డేటా స్ట్రక్చర్‌ను (మెసేజ్‌లను మెమరీలో అమర్చే నిర్మాణాన్ని) చూసినా నేను మొదట వేసే ప్రశ్న అదే. సగంలో చెడితే ఏది వెనక్కి వెళ్లాలో తేలిగ్గా చెప్పగలిగినది నా ఓటు గెలుస్తుంది. వేగం సంగతి ఆ తర్వాత.

మూడు రకాల మెసేజ్‌లు

పోలిక గాలిలో చేయలేం కనుక మూడు ఉదాహరణలు పట్టుకుంటాను. మొదటిది బస్సుల లొకేషన్. వెయ్యి బస్సులు పది సెకన్లకొకసారి తామెక్కడ ఉన్నామో పంపుతుంటాయి. కొత్త కబురు రాగానే పాత కబురుకు విలువ పోతుంది. రెండోది ఖాతాల జమాఖర్చు. ఒక్క పద్దు కూడా పోకూడదు. ఒకే ఖాతాలోని పద్దులు ముందువెనకలు కాకూడదు. వేర్వేరు ఖాతాల మధ్య మాత్రం వరుసతో పనిలేదు. మూడోది నన్ను బజారుకీడ్చిన ఎస్సెమ్మెస్‌లే. పోకూడదు, రెండుసార్లు వెళ్లకూడదు, ఎవరిది ముందు వెళ్లినా ఫరవాలేదు.

క్యూలో ఉన్నంతసేపు ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఒక ఐడీ, కొన్ని బైట్లు, అంతే. అందుకే ఒకదానికి రాసిన కన్‌స్యూమర్ (మెసేజ్‌లు తీసుకుని పనిచేసే) కోడు మిగతా రెండింటికీ యథాతథంగా అతికించేస్తుంటారు.

కవరు పారేయకండి

ఏ నిర్మాణం ఎంచుకున్నా ముందుగా తేలవలసిన సంగతి ఒకటుంది. చాలా కోడుల్లో మెసేజ్ రాగానే బాడీని (అసలు విషయాన్ని) విప్పి, అందులోని వస్తువును లిస్టులో వేసి, మిగతాది వదిలేస్తారు. క్యూకు ఫలానాది అయింది అని చెప్పడానికి కావలసిన ట్యాగ్ లేదా రసీదు ఆ వదిలేసిన దానిలోనే ఉంటుంది. ఉత్తరం దాచుకుని రిజిస్టర్డ్ కవరు చించి పారేసినట్టు.

కాబట్టి బ్యాచ్‌లో పెట్టే ప్రతి అంశం బాడీతో పాటు కనీసం ఇవి మోయాలి: మారని మెసేజ్ ఐడీ, ఈసారి ఇచ్చిన రసీదు, మన చేతికి వచ్చిన క్షణం, ఇది ఎన్నో ప్రయత్నం, బైట్లలో పరిమాణం, స్థితి. మెసేజ్ ఐడీని, రసీదును వేరువేరుగా చెప్పడానికి కారణం ఉంది. ఎస్‌క్యూఎస్‌లో ఒకే మెసేజ్ రెండోసారి వస్తే ఐడీ అదే ఉంటుంది కానీ రసీదు మారుతుంది. రసీదును కీగా పెట్టి ఇది ఇంతకుముందు చూశామా అని వెతికితే ఎప్పుడూ చూడలేదనే జవాబు వస్తుంది. ర్యాబిట్ఎమ్‌క్యూ అనే మరో క్యూ సాఫ్ట్‌వేర్‌లో రసీదు పాత్ర డెలివరీ ట్యాగ్‌ది. అది ఒక చానెల్‌కే (క్యూతో మాట్లాడే ఒక దారికే) చెల్లుతుంది. ఒక చానెల్‌లో తీసుకుని ఇంకో చానెల్‌లో అక్నాలెడ్జ్ చేస్తే (అయిందని చెబితే) ఆ ట్యాగ్ ఏదో తెలియదంటూ చానెల్‌నే మూసేస్తుంది. అక్కడ ఏ చానెల్‌దో కూడా కవరులో ఉండాలి.

స్థితికి మూడు విలువలు చాలు: కాలేదు, అయింది, విఫలమైంది. అయింది, కాలేదు అన్న రెండే పెడితే విఫలమైనదీ ఇంకా ముట్టుకోనిదీ ఒకే గాటన పడతాయి. వరుస ముఖ్యమైన చోట ఆ తేడా కావాలి.

లిస్టు, రెండు లిస్టుల మార్పిడి

ఒక త్రెడ్డే (ప్రోగ్రాములో విడిగా నడిచే ఒక పనిదారే) తీసుకుని, అదే పూర్తిచేసి, అదే అక్నాలెడ్జ్ చేసే చోట పైన చెప్పిన కవర్ల లిస్టు ఒక్కటి చాలు. దాన్ని మించింది వెతకవద్దు. ఎస్సెమ్మెస్‌లకు నేను చివరికి వాడింది కూడా ఇదే. మొదటి రూపంలో లోపించింది స్థితి గడి, దాన్ని చదివి పూర్తయినవాటిని మాత్రమే తీసేసే నాలుగు పంక్తులు. ఆ తీసేయడంలోనూ ఒక మెలిక ఉంది: ఎస్‌క్యూఎస్ బ్యాచ్ డిలీట్‌కు పైకి 200 అన్న జవాబు వచ్చినా, లోపల కొన్ని విఫలమైనట్టు వేరే జాబితా ఉండవచ్చు. అది చదవకపోతే తీసేశామనుకున్నవి మళ్లీ వస్తాయి.

కొందరు చేర్చేవాళ్లు, ఒకడు ఖాళీచేసేవాడు ఉన్నప్పుడు రెండు లిస్టులు పెట్టడం మంచి పద్ధతి. ఒకటి నిండుతుంటే ఇంకొకటి ఖాళీ అవుతుంటుంది. తాళం (ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా ఆపే లాక్) పట్టుకోవలసింది రెండు పాయింటర్లు మార్చుకునే క్షణంలోనే. డేటాబేస్ రాతంతా తాళం బయట జరుగుతుంది. బ్యాచ్ ఖాళీ అయ్యాక లిస్టును తుడిచి మళ్లీ వాడితే మెమరీ కేటాయింపు ఖర్చు కూడా తగ్గుతుంది.

ఆ తుడవడంలోనే గొయ్యి ఉంది. లిస్టును రాసే ఫంక్షన్‌కు ఇచ్చారు, అది పనిని నేపథ్యానికి వదిలి వెంటనే తిరిగి వచ్చింది, మీరు లిస్టు తుడిచి కొత్త మెసేజ్‌లు నింపడం మొదలుపెట్టారు. నేపథ్యంలో ఉన్న రాత ఇంకా ఆ పాత లిస్టునే చూస్తోంది. కొన్ని పోతాయి, కొన్ని రెండుసార్లు పడతాయి, టెస్టుల్లో ఎప్పుడూ దొరకదు. గో భాషలో స్లైసు (అక్కడి లిస్టు) పొడవును సున్నా చేసి అదే మెమరీని తిరిగి వాడేవారికి ఈ తంటా మరీ సులువుగా చుట్టుకుంటుంది. రాత నిజంగా ముగిసిందని తెలిస్తేనే తుడవండి. అనుమానం ఉంటే కొత్త లిస్టు చేసుకోండి, ఆ ఖర్చు భరించదగ్గదే.

బ్యాచ్‌ను ఎప్పుడు పంపాలన్నది మూడింటిలో ఏది ముందు తగిలితే దాన్ని బట్టి ఉండాలి: సంఖ్య, మొత్తం బైట్లు, వయసు. వయసు లెక్క దగ్గర రెండు పొరపాట్లు తరచుగా చూస్తుంటాను. ప్రతి మెసేజ్‌కూ గడియారాన్ని మళ్లీ మొదటి నుంచి తిప్పడం ఒకటి. అప్పుడు సన్నగా, ఆగకుండా వస్తున్న ప్రవాహంలో సమయం ఎప్పటికీ తీరదు, బ్యాచ్ నిండేదాకా కదలదు. వయసు మొదటి మెసేజ్‌దే అవ్వాలి. రెండోది, కొత్త మెసేజ్ వచ్చినప్పుడే వయసు చూడడం. రాత్రి పదకొండుకు వచ్చిన చివరి మెసేజ్ పొద్దున ఆరింటికి మొదటి మెసేజ్ వచ్చి తలుపు తట్టేదాకా బఫర్‌లో నిద్రపోతుంది. వేరే టైమర్ ఉండవలసిందే.

హద్దున్న క్యూ

త్రెడ్ల మధ్య అందించుకోవడానికి జావాలో చేతికి మొదట తగిలేది లింక్డ్ బ్లాకింగ్ క్యూ. సామర్థ్యం చెప్పకుండా సృష్టిస్తే దాని హద్దు 214 కోట్ల పైచిలుకు, అంటే హద్దు లేనట్టే. ఫిక్స్‌డ్ త్రెడ్ పూల్ సృష్టించే రెడీమేడ్ పద్ధతి లోపల వాడేది కూడా ఇలాంటి హద్దు లేని క్యూనే. డేటాబేస్ పది నిమిషాలు నెమ్మదించినప్పుడు మెసేజ్‌లు బ్రోకర్ (బయటి క్యూను నడిపే సర్వరు) డిస్కు మీద భద్రంగా ఉండవలసింది పోయి మీ ప్రాసెస్ మెమరీలో గుట్టపడతాయి. ప్రాసెస్ కూలితే ఆ గుట్ట అంతా గోవిందా.

బయట ఒక క్యూ ఉండగా లోపల మళ్లీ పెద్ద క్యూ పెట్టుకోవడంలో అర్థం లేదని నా అభిప్రాయం. లోపలిది చిన్నగా, హద్దుతో ఉండాలి. నిండితే తీసుకునే త్రెడ్ ఆగాలి. అది ఆగితే బ్రోకర్ దగ్గర మెసేజ్‌లు ఆగుతాయి, అక్కడ అవి క్షేమం. హద్దుగా రెండు మూడు బ్యాచ్‌ల పరిమాణం చాలు. జావాలో ఒక్కొక్కటీ తీసే బదులు డ్రెయిన్‌టూ అన్న మెథడ్‌తో ఉన్నవన్నీ గంపగుత్తగా ఒక లిస్టులోకి దించుకోవచ్చు. మొదటిదాని కోసం ఆగి తీసుకోండి, తర్వాత డ్రెయిన్‌టూ పిలవండి. అది ఖాళీ క్యూ ముందు ఆగదు, వెంటనే సున్నాతో తిరిగివస్తుంది. మొదటిదాని కోసం ఆగకుండా లూపులో పిలిస్తే సీపీయూ ఊరికే గిరగిరా తిరుగుతుంది.

రింగ్ బఫర్: అందంగా ఉంటుంది, అవసరం అరుదు

లండన్‌కు చెందిన ఎల్‌ఎమ్‌ఏఎక్స్ ఎక్స్ఛేంజ్ వాళ్లు 2011లో డిస్రప్టర్ అన్న లైబ్రరీని అందరికీ విడుదల చేసినప్పటి నుంచి రింగ్ బఫర్ మీద మోజు తగ్గలేదు. ముందే కేటాయించిన గుండ్రని శ్రేణి, పరిమాణం రెండుకు ఏదో ఒక ఘాతం (8, 16, 32 లాంటిది) అయి ఉండాలి. అప్పుడు భాగహారం లేకుండా ఒక్క బిట్ మాస్కుతో గడి దొరుకుతుంది. ఇందులో బ్యాచింగ్ దానంతటదే వస్తుంది: చదివేవాడు వెనకబడితే, అప్పటికి సిద్ధంగా ఉన్న గడులన్నీ వరుసగా అందుకుంటాడు, చివరి గడి దగ్గర ఇది బ్యాచ్‌లో ఆఖరిది అన్న గుర్తు కూడా అందుతుంది. రద్దీ పెరిగితే బ్యాచ్ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

కానీ మీ ప్రతి బ్యాచ్ చివరా ఇరవై మిల్లీసెకన్ల డేటాబేస్ ప్రయాణం ఉన్నప్పుడు, మెసేజ్‌ను చేతులు మార్చడంలో నానోసెకన్లు ఆదాచేసి ఏమి సాధిస్తాం? పైగా గడులు తిరిగి వాడబడతాయి కనుక, ఒక్క మెసేజ్ మొండికేసి పూర్తికాకపోతే దాని గడి ఖాళీ కాదు, చుట్టూ తిరిగి వచ్చిన రాసేవాడు దాని వెనకే ఆగిపోతాడు. కొన్నిటిని వెనక్కి పంపవలసిన పనికి ఇది అసలు నప్పదు. లెక్కలన్నీ మెమరీలోనే జరిగే చోట, అదీ కొలిచి చూశాక మాత్రమే దీని జోలికి వెళ్లండి.

కీకి ఒక్కటే: తాజాది ఉంచే మ్యాప్

బస్సుల లొకేషన్‌కు జవాబు మ్యాప్. కీ బస్సు నంబరు, విలువ తాజా లొకేషన్. వెయ్యి బస్సులు పది సెకన్లకొకసారి పంపితే 30 సెకన్లలో మూడు వేల మెసేజ్‌లు. మ్యాప్‌లో మిగిలేవి వెయ్యి. డేటాబేస్ మీద భారం మూడో వంతుకు తగ్గింది, ఎవరికీ ఏమీ నష్టం లేదు. పైగా రద్దీ ఎంత పెరిగినా మ్యాప్ బస్సుల సంఖ్యను దాటదు. హద్దును ఇంత సహజంగా ఇచ్చే నిర్మాణం ఈ పోలికలో ఇంకొకటి లేదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లేకపోతే చేర్చు, ఘర్షణ వస్తే (ఆ కీ అప్పటికే ఉంటే) దిద్దు అనే ఇన్‌సర్ట్‌కు లిస్టును నేరుగా ఇచ్చినవారికి ఇంకో కారణంతో కూడా మ్యాప్ కావలసివస్తుంది. ఒకే ఆదేశంలో ఒకే కీ రెండుసార్లు ఉంటే, ఒక వరుసను రెండోసారి మార్చలేనని పోస్ట్‌గ్రెస్ మొత్తం ఆదేశాన్నే తిప్పికొడుతుంది. ఒక్కొక్కటిగా రాసినన్నాళ్లూ ఈ తప్పు కనబడదు. బ్యాచ్ మొదలుపెట్టిన మొదటి వారంలో కనబడుతుంది.

మ్యాప్‌లో పాతదాన్ని తోసేసి కొత్తది పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొత్తగా వచ్చినదే తాజాదని నమ్మకండి. నెట్‌వర్కు లేని దారిలో బస్సు దాచుకున్న పాత లొకేషన్ ఆలస్యంగా రావచ్చు. మెసేజ్‌లో బస్సు వేసిన సమయం చూసి, పెద్దదైతేనే మార్చండి. రెండోది, తోసేసిన మెసేజ్ రసీదు. దాన్ని వదిలేస్తే క్యూ దృష్టిలో ఆ మెసేజ్ ఇంకా కాలేదు, టైమౌట్ అయ్యాక తిరిగి వస్తుంది. కాబట్టి మ్యాప్ విలువలో తాజా లొకేషన్‌తో పాటు, దానిలో కలిసిపోయిన మెసేజ్‌లన్నిటి రసీదుల చిన్న లిస్టు ఉండాలి. రాత ఫలిస్తే అన్నీ కలిపి అక్నాలెడ్జ్ చేస్తాం. విఫలమైతే దేన్నీ చేయం.

ఒక పిడకల వేట: జావా లింక్డ్ హ్యాష్ మ్యాప్‌లోనూ, 3.7 నుంచి పైథాన్ డిక్షనరీలోనూ ఉన్న కీకి విలువ మార్చినా దాని వరుస మారదు, మొదట చేరిన చోటే ఉంటుంది. కొందరు దీన్ని లోపం అనుకుని తీసి మళ్లీ చేరుస్తారు. అలా చేస్తే మాటిమాటికీ కబురు పంపే బస్సు ఎప్పుడూ వరుస చివరికే జరుగుతూ, దాని లొకేషన్ రాయడమే ఆలస్యమవుతుంది. ఉన్నచోట ఉంచడమే న్యాయం.

జమాఖర్చుకు మాత్రం ఈ మ్యాప్ వాడారో, ఖాతాలో చివరి పద్దు ఒక్కటే మిగులుతుంది. నవ్వకండి, బస్సుల కోడు అతికించినవారు ఉన్నారు.

కీకి ఒక వరుస: మ్యాప్‌లో చిన్న క్యూలు

జమాఖర్చు అన్నిటికన్నా కష్టమైనది. మొత్తం బ్యాచ్‌ను ఒకే వరుసలో నడిపితే తప్పు రాదు, కానీ ఒక ఖాతా దగ్గర ఆగితే అందరూ ఆగుతారు. అందరినీ సమాంతరంగా వదిలితే ఒకే ఖాతాలో జమకన్నా ముందే ఖర్చు పడి, నిల్వ లేదంటూ తిరిగిపోతుంది.

ఇక్కడ మూడు నిర్మాణాలు కలిసి పనిచేయాలి. ఖాతా నంబరు కీగా, ఆ ఖాతా మెసేజ్‌ల చిన్న క్యూ విలువగా ఒక మ్యాప్. ఇప్పుడు పని జరుగుతున్న ఖాతాల సెట్ ఒకటి. పనికి సిద్ధంగా ఉన్న ఖాతాల క్యూ ఇంకొకటి. మెసేజ్ వస్తే దాని ఖాతా క్యూ చివర చేరుతుంది. ఆ ఖాతా పనిలోనూ లేక, సిద్ధంగా ఉన్నవారిలోనూ లేకపోతే సిద్ధం క్యూలో ఖాతా నంబరు వేస్తాం. పనివాడు వచ్చి ఒక ఖాతా నంబరు తీసుకుని, సెట్‌లో గుర్తుపెట్టి, దాని క్యూలో అప్పటికి ఉన్నవన్నీ ఒక చిన్న బ్యాచ్‌గా చేసి, ముగించి, గుర్తు చెరిపి, ఇంకా మిగిలి ఉంటే ఆ ఖాతాను సిద్ధం క్యూ చివర వేసి వెళతాడు. చివర వేయడం ముఖ్యం. రోజంతా లావాదేవీలు నడిచే దుకాణం ఖాతా ఒకటుంటే, ముందు వేస్తే పనివాడు దాని దగ్గరే పాతుకుపోతాడు.

క్యూ ఖాళీ అయితే మ్యాప్‌లోంచి ఆ కీని తీసేయాలి. ఇది మరచిపోతే నెల తిరిగేసరికి లక్షల ఖాళీ క్యూలు మెమరీని నమిలేస్తాయి. తీసేయడం, కొత్త మెసేజ్ చేర్చడం ఒకే తాళం కింద జరగాలి. లేదంటే ఒకడు తీసేసిన క్యూలోకి ఇంకొకడు మెసేజ్ వేస్తాడు, అది ఇక ఎవరికీ కనబడదు.

సగంలో చెడితే? ఒక ఖాతా చిన్న బ్యాచ్‌లో మూడోది విఫలమైతే మొదటి రెండూ అయినట్టే, మూడో దానితో పాటు తర్వాతవన్నీ వెనక్కి వెళ్లాలి. మిగతా ఖాతాలకు ఈ గొడవ తెలియనే తెలియదు. ఎస్‌క్యూఎస్ ఫైఫో (వరుస తప్పని) క్యూను ల్యాంబ్డాతో (మెసేజ్ రాగానే మన కోడు నడిపే అమెజాన్ సేవతో) చదివేటప్పుడు మొదటి వైఫల్యం దగ్గర ఆగి, విఫలమైనదాన్నీ ముట్టుకోనివాటినీ కలిపి వెనక్కి ఇమ్మని అమెజాన్ చెప్పేది ఇదే తర్కం మీద. మామూలు క్యూ అయితే విఫలమైనవాటి ఐడీలే ఇస్తే చాలు. అయితే ఆ పాక్షిక జవాబు సౌకర్యాన్ని సెట్టింగుల్లో విడిగా ఆన్ చేయాలి. చేయకపోతే మీరు వెనక్కి ఇచ్చిన జాబితాను ఎవరూ చదవరు, విఫలమైనవి కూడా అయిపోయినట్టే లెక్కలోకి పోతాయి.

ఏది ఎక్కడిదాకా అయింది: కాఫ్కా వారికి

ఎస్‌క్యూఎస్‌లో ఒక్కో మెసేజ్‌కూ విడిగా అయిందని చెప్పవచ్చు. మెసేజ్‌లను చిట్టాలా వరుసగా రాసి ఉంచే కాఫ్కాలో, మామూలు కన్‌స్యూమర్ గ్రూపుతో చదివితే, అలా కాదు. ఒక పార్టిషన్‌లో (టాపిక్ అనే ఆ చిట్టాలో ఒక ముక్కలో) ఇక్కడిదాకా చదివాను అన్న ఒక్క సంఖ్యే చెప్పగలం. పుస్తకంలో గుర్తు కాగితం ఒకటే పెట్టగలిగినట్టు.

దగ్గరగా చూద్దాం. ఆఫ్‌సెట్ (పార్టిషన్‌లో మెసేజ్ వరుస సంఖ్య) 4001 నుంచి 4010 వరకు పది మెసేజ్‌లు తీసుకుని సమాంతరంగా నడిపాం. 4007 తప్ప అన్నీ అయ్యాయి. ఇప్పుడు కమిట్ చేయగల సంఖ్య 4007 (కాఫ్కాలో కమిట్ అంటే తర్వాత చదవవలసినది). 4008, 4009, 4010 అయిపోయినా ఆ సంగతి కాఫ్కాకు చెప్పే దారి లేదు. ఇప్పుడు ప్రాసెస్ కూలితే ఆ మూడూ మళ్లీ నడుస్తాయి. 4011 కమిట్ చేస్తే 4007 శాశ్వతంగా పోతుంది.

ఈ లెక్క పెట్టడానికి నేను చూసినవి మూడు. అయిన ఆఫ్‌సెట్ల సెట్: రాయడం సులువు, ఎక్కడిదాకా నిరంతరంగా అయిందో తెలుసుకోవడానికి ఒక్కొక్కటీ వెతకాలి. ఇంకా కానివాటి మిన్ హీప్: కానివాటిలో చిన్నది పైనే ఉంటుంది, అదే కమిట్ సంఖ్య, కాకపోతే మధ్యలోంచి తీసేయడం కష్టం కనుక, అయినవాటిని గుర్తుపెట్టుకుని పైకి వచ్చినప్పుడు తీయాలి. మూడోది బిట్‌మ్యాప్: ఒక ఆధార సంఖ్య, దాని నుంచి ఒక్కో ఆఫ్‌సెట్‌కు ఒక్కో బిట్. 64 బిట్ల పూర్ణాంకంలో 64 మెసేజ్‌లు పడతాయి. కాఫ్కా ఒక్కసారికి డిఫాల్టుగా ఇచ్చే 500 మెసేజ్‌లకు ఎనిమిది పూర్ణాంకాలు, అంటే 64 బైట్లు. మొదటి సున్నా ఎక్కడుందో ఒకటి రెండు ప్రాసెసర్ ఆదేశాలతోనే తెలుస్తుంది. నేను బిట్‌మ్యాప్‌నే సిఫారసు చేస్తాను. ఆఫ్‌సెట్లలో ఖాళీలు ఉండవచ్చని మాత్రం గుర్తుంచుకోవాలి. కంపాక్షన్ (ఒకే కీకి వచ్చిన పాత మెసేజ్‌లను తీసేయడం) ఉన్న టాపిక్‌లో 4003 అసలు ఉండకపోవచ్చు. రాని బిట్ కోసం కాచుకుంటే గుర్తు అక్కడే నిలిచిపోతుంది. కాబట్టి ఆఫ్‌సెట్‌కు బదులు బ్యాచ్‌లోని స్థానానికి బిట్ ఇచ్చి, స్థానం నుంచి ఆఫ్‌సెట్‌కు ఒక శ్రేణి పెట్టుకోవడం క్షేమం.

ర్యాబిట్ఎమ్‌క్యూలో రెండు దారులూ ఉన్నాయి: ఒక్కొక్కటిగా చెప్పవచ్చు, మల్టిపుల్ అన్న గుర్తు పెట్టి ఈ ట్యాగ్ దాకా అన్నీ అయ్యాయనీ చెప్పవచ్చు. పని సమాంతరంగా నడుస్తుంటే రెండోది కాఫ్కా లెక్కే అవుతుంది, పైన చెప్పిన బిట్‌మ్యాప్ లేకుండా వాడవద్దు. రెడిస్ అనే మెమరీ డేటాబేస్‌లో మామూలు లిస్టును క్యూగా వాడి నేరుగా తీసేసుకుంటే అక్నాలెడ్జ్ అన్నదే లేదు, పనివాడు చస్తే మెసేజ్ కూడా వెంట పోతుంది, 5.0లో వచ్చిన స్ట్రీములు, కన్‌స్యూమర్ గ్రూపుతో చదివితే, ఇచ్చినవాటి జాబితాను తామే దాచుకుంటాయి.

మళ్లీ ప్రయత్నించవలసినవి ఎక్కడ పెట్టాలన్నదానికి జవాబు చిన్నదే. బ్రోకర్ ఆలస్యపు డెలివరీ ఇస్తే దానికే వదిలేయండి. లోపలే పెట్టుకోక తప్పకపోతే, వేలల్లో ఉన్నంతవరకు సమయం ప్రకారం అమర్చిన హీప్ చాలు. లక్షల్లో టైమర్లు ఉంటే టైమింగ్ వీల్ (గడియారంలా తిరిగే గడుల చక్రం, ఏ సమయపు పని ఆ గడిలో). జార్జ్ వర్గీస్, టోనీ లాక్ 1987లో వివరించిన పద్ధతి, కాఫ్కా లోపల ఇప్పటికీ తిరుగుతున్న చక్రం.

క్యూనే పోస్ట్‌గ్రెస్ పట్టికలో పెట్టుకున్నవారికి 9.5 నుంచి ఉన్న స్కిప్ లాక్డ్ చాలా మేలు చేస్తుంది: ఇంకొకరు పట్టుకున్న వరుసలను వదిలి తర్వాతి వంద అందుకోవచ్చు. స్థితి గడి పట్టికలోనే ఉంటుంది కనుక సగంలో చెడినా లెక్క పోదు. చిన్న సంస్థలకు వేరే బ్రోకర్ కొనేముందు ఇదే చూడమంటాను. తీసేసిన వరుసలు పట్టికలో పేరుకుపోకుండా వాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ వాటిని ఊడ్చే పని) మీద ఒక కన్ను ఉండాలి.

పరిమాణం దగ్గర కూడికలు

నిర్మాణం సరైనదే అయినా పరిమాణం తప్పితే ఫలితం ఒకటే. ఎస్‌క్యూఎస్‌లో విజిబిలిటీ టైమౌట్ డిఫాల్టుగా 30 సెకన్లు. పది మెసేజ్‌లు, ఒక్కోదానికి నాలుగు సెకన్లు, వరుసగా నడిపితే 40. చివరి రెండు మూడింటిని మీరు ఇంకా చేస్తుండగానే ఇంకొకడు అందుకుంటాడు. కాఫ్కాలో రెండు పోల్‌ల (మెసేజ్‌లు ఇమ్మని అడిగే పిలుపుల) మధ్య డిఫాల్టుగా ఐదు నిమిషాలే గడువు. 500 మెసేజ్‌లు ఒక్కోటి ఒక సెకను తీసుకుంటే 500 సెకన్లు. గడువు దాటగానే మిమ్మల్ని చచ్చినవారి కింద జమకట్టి మీ పార్టిషన్ ఇంకొకరికి ఇస్తుంది, వారూ అదే 500తో మొదలుపెడతారు. గడువులో సగంలో ముగిసేంత బ్యాచ్ పెట్టుకోండి, మామూలు రోజు వేగంతో కాకుండా డేటాబేస్ నీరసించిన రోజు వేగంతో లెక్కవేయండి.

రాసే వైపు కూడా హద్దు ఉంది. పోస్ట్‌గ్రెస్ ఒక ఆదేశంలో 65,535 పారామీటర్లకు (విడిగా అందించే విలువలకు) మించి తీసుకోదు. ఎనిమిది గడుల పట్టికకు 8,191 వరుసలు. ఎవరో తొమ్మిదో గడి చేర్చిన రోజు అది 7,281కి దిగుతుంది, ఎనిమిది వేల బ్యాచ్ పగులుతుంది.

నా ఎస్సెమ్మెస్ ప్రోగ్రాము ఇప్పుడు ఇలా ఉంది: కవర్ల లిస్టు, మూడు స్థితులు, ఒక్కొక్క మెసేజ్ చుట్టూ విడిగా ఎక్సెప్షన్ పట్టుకోవడం, పూర్తయినవాటినే తీసేయడం, మూడుసార్లు విఫలమైతే డెడ్ లెటర్ క్యూకు (మొండికేసినవాటిని పక్కన పెట్టే క్యూకు). పంపాక తీసేసేలోగా ప్రాసెస్ చచ్చిపోతే ఏ లిస్టూ కాపాడలేదు కనుక, పంపిన మెసేజ్ ఐడీలు డేటాబేస్‌లో కొన్ని రోజులు ఉంచి, పంపేముందు ఒకసారి చూసుకుంటుంది. మార్చిన రోజు సాయంత్రం డెడ్ లెటర్ క్యూ తెరిచి చూస్తే ఒకే ఒక్క మెసేజ్ ఉంది. నంబరు గడి ఖాళీ, పేరు గడిలో పదంకెల ఫోను నంబరు. ఫారం నింపినవారు ఒక గడి పైన రాశారు.